అతుకు కింది వాక్యం

ఆ ఎండాకాలం మా ఇంట్లో రోజూ దొంగ పడేవాడు. పోయేది చిటికెడు ఉప్పు. దొంగ మా మామయ్య.

నలభై ఏళ్లు హాస్టల్ వంటశాలలో గరిటె తిప్పిన మనిషి ఆయన. మూడు వందల మందికి వండిన కూరలో ఉప్పు సరిపోయిందో లేదో నోట్లో వేసుకోకుండా, మూత తీసి ఆవిరి పీల్చి చెప్పేవారట. రిటైరై మా దగ్గరికి వచ్చిన వారానికే వంటగది నా చేతిలోంచి లాక్కున్నారు. నేనూ మారుమాట లేకుండా ఇచ్చేశాను. పనిలోంచి అలిసిపోయి వచ్చేసరికి వేడివేడిగా వడ్డించే మామగారు ఎంతమందికి దొరుకుతారు?

వేసవి మొదట్లో మా వీధి చివరి డాక్టరు రక్తపోటు చూసి, మాత్ర మార్చి, రక్తపరీక్ష కాగితం తిరగేసి, "మూత్రపిండాలు కాస్త మందగించాయి. ఈ వయసులో మామూలే. ఉప్పు మాత్రం సగానికి సగం తగ్గించాలి" అన్నాడు. ఆ మూడు ముక్కల్లో మా ఇంటికి చేరింది చివరి ముక్క ఒక్కటే. ఉప్పు. దాని కోసమే యుద్ధమంతా.

"ఏంటి మామయ్యా ఆ డబ్బాలో?"

"పళ్లపొడి."

"పళ్లపొడి ఉడకబెట్టిన గుడ్డు మీద చల్లుకుంటారా ఎవరైనా?"

ఆయన డబ్బా మూత బిగించి, నా వైపు చూసి, పట్టుబడ్డ పిల్లాడిలా నవ్వారు. "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. నాకు దాన్ని మానెయ్యమని చెప్పడం, నీకు కళ్లద్దాలు తీసేసి అక్షరాలు దిద్దమన్నట్టే అమ్మాయ్."

డబ్బా తీసుకుని నీళ్లలో కుమ్మరించేశాను. మర్నాడు చొక్కా జేబులో కాగితం పొట్లం దొరికింది. ఆ మర్నాడు కిటికీ రెక్క సందులో. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. రాత్రి ఇంటికొచ్చి మా తగువు వింటూ, "ఎవరు గెలిచారివాళ?" అని అడిగేవాడు. అంత సరదాగానే ఉండేది. అదే ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

*

నేను పనిచేసేది ప్లాస్టిక్ ప్యాకెట్లు అచ్చువేసే ప్రెస్సులో. బిస్కెట్లు, సబ్బుపొడి, కుక్కల మేత, ఏదైనా సరే, లోపలి సరుకుతో మాకు సంబంధం లేదు. పైన బొమ్మా అక్షరాలూ కంప్యూటరు మీద అమర్చి, తప్పులు దిద్దడం నా పని. మా ఓనరుని వెనకాల అందరూ "అంతేగారు" అంటారు. ఏ మాట చెప్పినా చివర "అంతే" అని తాళం వేసేవాడు. ఆ తర్వాత ఇంక ఎవరూ నోరెత్తడానికి ఉండదు.

ఒకరోజు ఉప్పు కంపెనీ మనిషి వచ్చాడు. అంత ఎండలో మెడకి టై. కొత్తగా తక్కువ సోడియం ఉప్పు తెస్తున్నారు. మామూలు ఉప్పు కొంత తీసేసి, దాని బదులు పొటాషియం ఉప్పు కలుపుతారట. ప్యాకెట్ మధ్యలో ఎర్రటి గుండె బొమ్మ, కింద "మీ గుండెకు మేలు" అని పెద్ద అక్షరాలు.

"గుండె ఇంకా పెద్దది కావాలి" అన్నాడు.

పెంచాను.

"ఇంకా."

ఇంకా పెంచాను. గుండె కింద ఉన్న వరసలన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. అన్నిటికంటే కింద ఒక వాక్యం ఉంది. వాళ్లు పంపిన కాగితంలో "మూత్రపిండల" అని తప్పు పడితే, ముందురోజు నేనే దీర్ఘం పెట్టాను. "మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తపోటుకు గానీ గుండెకు గానీ మందులు వాడుతున్నవారు వైద్యుని సలహా లేకుండా దీనిని వాడరాదు."

"ఈ లైను పట్టడం లేదండీ. గుండె కొంచెం తగ్గిస్తే..."

"గుండె తగ్గించడానికి వీల్లేదు" అన్నాడు టై మనిషి. "ఆ లైను తీసెయ్యడానికీ వీల్లేదు, రూలు. ఎక్కడో ఒకచోట ఉంటే చాలు."

అంతేగారు నా భుజం మీదుగా తెరలోకి వంగి చూశాడు. "కిందికి లాగమ్మా."

"కింద అతుకు ఉంది సార్."

అతుకంటే ప్యాకెట్ అడుగున వేలెడు వెడల్పు పట్టీ. యంత్రం అక్కడ రెండు పొరల్నీ వేడితో నలిపి అతికిస్తుంది. అక్కడ అక్షరాలు వేస్తే నలిగి ముద్దవుతాయి. ఈ పనిలో చేరిన మొదటిరోజు ఎవరికైనా నేర్పే పాఠం అదే.

"సగం కనపడుతుంది కదా. అసలు ఆ లైన్లు ఎవడు చదువుతాడు? లాగు. అంతే."

లాగాను. వేలితో ఒక్క కదుపు. వాక్యం గుండె కింద నుంచి జారి అతుకులోకి వెళ్లి కూర్చుంది. నేను అన్నం తినడానికి లేచాను.

ఆ వాక్యాన్ని నేను చదవలేదా అంటే, చదివాను. పదిసార్లు చదివాను. అక్షరం అక్షరం చూశాను. అక్షరాలు దిద్దేవాళ్ల జబ్బే అది, అర్థం వైపు కన్ను పోదు. దీర్ఘం పడిందా, ఒత్తు సరిగా ఉందా, అంతవరకే. మూత్రపిండాలు మందగించి, రక్తపోటు మాత్రలు వేసుకునే మనిషి మా వంటింట్లోనే ఉన్నాడన్న సంగతి నా బుర్రలోకి ఆ క్షణాన రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

సరుకు తయారయ్యాక కంపెనీవాళ్లు ప్రెస్సులో తలా ఒక పెట్టె పంచారు. పెట్టెలో పన్నెండు ప్యాకెట్లు. మా ప్రెస్సు ఊడ్చే పెద్దమ్మ నా పెట్టె వైపు చూస్తూ చీపురు ఆపింది. ఊడ్చేవాళ్లకి పెట్టె ఇవ్వలేదు. డెబ్భై ఏళ్లు ఉంటాయేమో. సాయంత్రానికి పాదాలు బూరెల్లా ఉబ్బేవి.

"అది గుండెకి మంచిదంటగా తల్లీ?"

"మంచిదే పెద్దమ్మా. తీసుకో" అని రెండు ప్యాకెట్లు చేతిలో పెట్టాను. ఆవిడ రెండింటినీ కళ్లకద్దుకుంది.

*

ఇంటికి తెచ్చిన ప్యాకెట్ చూసి మామయ్య మొదట నమ్మలేదు. చిటికెడు నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు ఉండిపోయారు.

"ఉప్పే. కానీ వెనకాల చిన్న చేదు తోక ఉంది."

"డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. ఇందులో ఉప్పు తక్కువ. ఇంక పళ్లపొడి డబ్బాలు దాచుకోనక్కర్లేదు, ఇష్టమొచ్చినంత వేసుకోండి."

ఆ చివరి మాట నాదే. నా నోటితో నేనే అన్నాను.

ఇంట్లో యుద్ధం ఆగిపోయింది. ఆయన మళ్లీ వంటవాడైపోయారు. ఉప్పదనం కాస్త తక్కువని రెండింతలు వేసేవారు. బంగాళాదుంపలు, టమాటాలు, పాలకూర. దాహం వేస్తోందని నారింజ రసంలో కూడా చిటికెడు. పక్కింటి కుట్టుమిషన్ అత్తయ్య బట్టలు కత్తిరిస్తూ మా కిటికీలోంచి వచ్చే వాసన పట్టి, "మీ మామగారి చేతికి మళ్లీ ప్రాణమొచ్చిందే" అంది. ఆవిడకీ రెండు ప్యాకెట్లు ఇచ్చాను.

మూడో వారంలో మామయ్య వంటింట్లోకి స్టూలు తెచ్చుకున్నారు.

"కాళ్లలో ఎవరో ఇసుక పోసినట్టుంది అమ్మాయ్."

"ఎండలు మామయ్యా. నాకూ అలాగే ఉంది."

నాలుగో వారంలో చేతిలో కత్తి జారి కిందపడింది. తీసిచ్చాను. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతున్నాయన్నారు. చల్లటి నీళ్లలో పెట్టుకోమన్నాను. ఆయన మెట్లెక్కుతూ మధ్యలో ఆగితే, "వయసుకి కూడా కాస్త గౌరవం ఇవ్వండి" అని ఎగతాళి చేశాను. నవ్వారు. ఆ నవ్వు కూడా మెల్లగా, ఎక్కడో దూరం నుంచి నడిచి వచ్చినట్టు వచ్చింది.

అప్పటికే పెద్దమ్మ పనిలోకి రావడం మానేసింది. ఒంట్లో నీరసంగా ఉందని, నాలుగు రోజులు కూతురి దగ్గర ఉండి వస్తానని వెళ్లింది. ఎండలు కదా అనుకున్నాం అందరం. ఆ వేసవి మేం ఎండల మీద వెయ్యని నేరం లేదు.

*

ఆదివారం, పదకొండు గంటలు. మా ఆయన డిపోకి వెళ్లాడు. నేను బట్టలు ఆరేస్తున్నాను. వంటింట్లోంచి మామయ్య పిలిచారు. గొంతు మామూలుగానే ఉంది.

"అమ్మాయ్, స్టవ్ కట్టెయ్."

"ఏం, అయిపోయిందా?"

జవాబు లేదు. లోపలికి వెళ్లేసరికి ఆయన స్టూలు పక్కన నేలమీద ఉన్నారు. తొక్క తీసిన బంగాళాదుంప ఒకటి దొర్లుకుంటూ గుమ్మం దాకా వచ్చి ఆగింది. కూర మాడుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి. మణికట్టు పట్టుకున్నాను. నాడి ఒకసారి కొట్టింది. రెండోది ఎంతకీ రాలేదు. ఇంక రాదేమో అనుకున్నాక వచ్చింది.

నేను కేకలు పెట్టానట. నాకు గుర్తులేదు. కుట్టుమిషన్ అత్తయ్య మెడలో కొలత టేపుతోనే గోడ దూకి వచ్చింది. అరవై ఏళ్ల మనిషి గోడెలా దూకిందో ఇప్పటికీ ఆవిడకే తెలియదు. ఎదురుగా ఆగి ఉన్న పాలవ్యాన్ డ్రైవరూ ఆవిడా కలిసి మామయ్యని ఎక్కించారు. ఖాళీ పాలడబ్బాల మధ్య ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. స్టవ్ కట్టానో లేదో గుర్తురావడం లేదు. అదొక్కటే ఆలోచన. మనసు అంత పెద్దదాన్ని మోయలేక ఆ చిన్నదాన్ని పట్టుకుంది.

ఆసుపత్రిలో ఛాతీ మీద తీగలు అంటించారు. యంత్రంలోంచి కాగితం బయటికొస్తోంది. దానిమీద గీతలు చిన్నపిల్లలు గీసే కొండల్లా కోసుగా ఉన్నాయి. డ్యూటీలో ఉన్నది చిన్నవయసు డాక్టరమ్మ. ఆ కాగితం చూడగానే ఆవిడ నడక మారిపోయింది.

"ఈయనకి కిడ్నీ జబ్బుందా?"

"లేదండీ. అంటే... కాస్త మందగించాయన్నారు."

"ఏ మాత్రలు వాడతారు?"

చెప్పాను. ఆవిడ నర్సు వైపు తిరిగి ఏదో మందు పేరు అరిచింది. అంతలోనే యంత్రం కూత మారింది. కొండలు పోయి కాగితం మీద గీత నేలబారుగా పడుకుంది. ఎవరో నన్ను బయటికి తోశారు. తలుపు అద్దంలోంచి, ఒక కుర్ర నర్సు మంచం మీదికెక్కి మా మామయ్య ఛాతీని రెండు చేతులతో అదమడం చూశాను. అంత బలంగా ఎవరైనా మనిషిని అదుముతారా అనుకున్నాను. అత్తయ్య నా కళ్లకి చెయ్యి అడ్డం పెట్టింది. వేళ్ల సందులోంచి చూస్తూనే ఉన్నాను.

నలభై సెకన్లు అని తర్వాత చెప్పారు. నాకు మాత్రం ఆ వేసవంతా అందులోనే గడిచింది.

గుండె మళ్లీ కొట్టుకోవడం మొదలైంది. ఒక అరగంట తర్వాత డాక్టరమ్మ బయటికొచ్చి నా ఎదురుగా బల్లమీద కూర్చుంది. ఆవిడ నుదురంతా చెమట.

"రక్తంలో పొటాషియం ఐదు దాటితేనే మేం జాగ్రత్తపడతాం. ఈయనకి ఏడున్నర దాటింది. గుండె ఆగింది దానివల్లే. ఇప్పుడు మందులు ఇచ్చాం, డయాలసిస్ చేస్తున్నాం. కానీ అంత పొటాషియం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలియాలి. రోజూ ఏం తింటారు?"

బంగాళాదుంపలు, టమాటాలు, నారింజ రసం అని చెప్పుకొచ్చాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అవీ తోడై ఉంటాయి. కానీ అవి మాత్రమే ఇంత చెయ్యవు. ఉప్పు బదులు ఇంకేదైనా వాడుతున్నారా?"

"గుండెకి మంచిదని..." అన్నాను.

అత్తయ్య ఆటోలో వెళ్లి మా ఇంట్లోంచి ప్యాకెట్ తెచ్చింది. డాక్టరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. ఎర్రటి గుండె. వెనకాల చిన్నచిన్న అంకెలు. "చాలామందికి ఇది మంచిదే. మామూలు ఉప్పు కంటే నయమే. కానీ ఈయన కిడ్నీలకీ, ఆ మాత్రకీ ఇది విషమే. ఆ సంగతి దీనిమీద రాసి ఉండాలే..." అంటూ అడుగున అతుకు దగ్గర గోరుతో గీకింది. "ఇక్కడేదో ఉంది. నలిగిపోయింది. మూత్ర... ఏంటిది?"

"మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తపోటుకు గానీ గుండెకు గానీ మందులు వాడుతున్నవారు వైద్యుని సలహా లేకుండా దీనిని వాడరాదు" అన్నాను.

ఆవిడ తలెత్తింది. "చదవగలిగారా మీరు?"

"లేదండీ. నేనే పెట్టానక్కడ."

అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఉంది. వదల్లేదు. కానీ ఆ చెయ్యి ఒక్కసారిగా చల్లబడడం నాకు తెలిసింది.

"అత్తయ్యా, మీకిచ్చినవి?"

"పోపుడబ్బా పక్కన అలాగే ఉన్నాయే. ఇంట్లో పాత ఉప్పు అవ్వలేదు" అంది.

అప్పుడు గుర్తొచ్చింది, పెద్దమ్మ.

ప్రెస్సు కాపలావాణ్ని అడిగి ఆవిడ కూతురి నంబరు సంపాదించాను. వరండాలో గోడకి ఆనుకుని చేశాను.

"పెద్దమ్మకి ఒకసారి ఇస్తావా అమ్మా? ప్రెస్సు నుంచి."

"అమ్మ పోయింది కదండీ. మొన్న మంగళవారం. మీకు చెబుదామంటే నంబరు దొరకలేదు."

"ఎలా?"

"పొద్దున లేవలేదు. నిద్రలోనే. ఎవరిచేతా చేయించుకోకుండా పోయింది, అదృష్టవంతురాలంటున్నారు అందరూ."

"ఉప్పు... అమ్మ ఒక ఉప్పు ప్యాకెట్ తెచ్చిందా?"

"గుండె బొమ్మదా? తెచ్చిందండీ. ఇంట్లో అదే వెయ్యమని ఒకటే పోరు. ఇంకా సగం ఉంది. ఏం?"

"దాన్ని వాడకండి. పక్కన పెట్టెయ్యండి. నేను వచ్చి చెబుతాను."

ఎందుకని అడగకముందే ఫోన్ పెట్టేశాను. అది పిరికితనమే.

*

మా ఆయన డిపో బట్టల్లోనే వచ్చాడు, చేతులకి గ్రీజు. జరిగిందంతా చెప్పాను. పెద్దమ్మ సంగతి కూడా. విన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు, ఏడవలేదు. "నాన్న దగ్గర నేనుంటాను. నువ్వు ఇంటికెళ్లు" అన్నాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులు అవసరానికి తప్ప నాతో మాట్లాడలేదు. పదో రోజున, "ఆ వాక్యం లాగినప్పుడు నీకు ఏమీ అనిపించలేదా?" అని అడిగాడు. లేదన్నాను. "అదే నాకు భయంగా ఉంది" అన్నాడు.

మామయ్య పడిపోయిన మర్నాడు, సోమవారం పొద్దున్నే ప్రెస్సుకి వెళ్లాను. అంతేగారు ఆ ఉప్పు ప్యాకెట్లే రెండో విడత అచ్చు వేయిస్తున్నాడు. యంత్రం మోతలో గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది.

"సార్, మా మామయ్య గుండె ఆగింది. పెద్దమ్మ చచ్చిపోయింది."

యంత్రం ఆపించాడు. గదంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. మొత్తం విన్నాడు. మొహం పాలిపోయింది. ఆ మనిషిలో రాయి తప్ప ఏమీ లేదని చెప్పలేను, కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "పెద్దమ్మది అందువల్లేనని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఇంక ఎవరూ చెప్పలేరు కూడా."

"మనం ప్రింటర్లం. వాళ్లు వెయ్యమన్నది వేశాం."

"వాళ్లు గుండె పెంచమన్నారు. కిందికి లాగమన్నది మీరు. లాగింది నేను."

చివరికి "నువ్వు ఇంటికెళ్లి కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో" అన్నాడు. ఆ రోజు "అంతే" అనలేదు. అనకపోయినా నా ఉద్యోగం పోయిందని నాకు అర్థమైంది.

వచ్చేముందు నా కంప్యూటరులోంచి రెండు అమరికలూ అచ్చు తీసుకున్నాను. వాక్యం గుండె కింద ఉన్నదొకటి, అతుకులో ఉన్నదొకటి. రెండింటి మీదా తేదీలున్నాయి. వాటికి ఒక ఉత్తరం జతచేసి ఆహార తనిఖీ కార్యాలయంలో ఇచ్చాను. అందులో నా పేరు కిందికి లాగకుండా అన్నిటికంటే పైన రాశాను. డాక్టరమ్మ కూడా ఒక కాగితం పంపింది. మూడు వారాలకి దుకాణాల్లోంచి ఆ ప్యాకెట్లు మాయమయ్యాయి. తర్వాత కొత్తవి వచ్చాయి, అదే ఉప్పు, అదే గుండె, కాస్త చిన్నది. వాక్యం చదవడానికి వీలుగా ఉంది. జరిమానా పడిందన్నారు. ఎవరికి పడిందో నాకు తెలియదు. ఇంకెన్ని ఇళ్లలో పొద్దున్నే ఎవరు లేవలేదో, అదీ తెలియదు.

*

మామయ్య పన్నెండో రోజు ఇంటికొచ్చారు. ఛాతీ అదిమినప్పుడు రెండు పక్కటెముకలు చిట్లాయి. దగ్గొస్తే దిండు గుండెకి హత్తుకునేవారు. జరిగింది పొటాషియం వల్లని, అది ఉప్పు వల్లని డాక్టరమ్మ ఆయనకి చెప్పింది. వాక్యం సంగతి చెప్పలేదు. అది నేనే చెప్పాలి.

చెప్పాను. మంచం పక్కన నేలమీద కూర్చుని, దాచకుండా మొత్తం. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నారు.

"ఆ ముక్క కనబడి ఉంటే నేను మానేసేవాణ్నా?" అన్నారు చివరికి, తనలో తనే. "ఏమో. ఉప్పు కోసం గడ్డి తినడానికైనా సిద్ధపడ్డవాణ్ని. మానేసేవాణ్ని కాదేమో."

నాకు కన్నీళ్లొచ్చాయి. తేలికపడ్డాను కూడా. ఆయన నా వైపు తిరిగారు.

"కానీ ఆ మాట తేల్చుకోవాల్సింది నేను కదా అమ్మాయ్. నువ్వు కాదు."

ఆ మాట ఇప్పటికీ నాలో ఉంది. దిగలేదు.

"ఆ పెద్దమ్మ కూతురికి చెప్పావా?"

"ఇంకా లేదు."

"ఎందుకు?"

నేను ఆయన దుప్పటి అంచు సర్దాను.

"వచ్చే ఆదివారం వెళదాం. నేనూ వస్తాను."

మా ఆయన వద్దన్నాడు. ఈ ఒంటితో బస్సు ప్రయాణమేంటన్నాడు. మామయ్య వినిపించుకోలేదు. దిండు చంకలో పెట్టుకుని బయల్దేరారు. రెండు గంటల దారి. గతుకు వచ్చినప్పుడల్లా దిండు అదుముకుని పళ్లు బిగబట్టేవారు.

ఇరుకు సందులో రెండు గదుల ఇల్లు. కూతురికి నలభై ఏళ్లుంటాయి. కళ్లు అచ్చం పెద్దమ్మవే. ప్రెస్సువాళ్లు పలకరించడానికి వచ్చారనుకుని కుర్చీలు తుడిచి వేసింది. చల్లటి నీళ్లిచ్చింది. "అమ్మ మీ గురించే చెప్పేది. ఆ అమ్మాయొక్కతే నన్ను మనిషిలా చూస్తుందనేది" అంది.

నీళ్ల గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. కింద పెడితే మళ్లీ ధైర్యం రాదని అలా పట్టుకునే చెప్పాను. నేను చేసేదేమిటో, ఆ వాక్యం ఏమిటో, దాన్ని ఎక్కడికి లాగానో, ఆ ప్యాకెట్లు పెద్దమ్మ చేతిలో ఎవరు పెట్టారో. "పెద్దమ్మది దానివల్లేనని ఖాయంగా ఎవరూ చెప్పలేరు. కాదని కూడా చెప్పలేరు" అన్నాను.

ఆవిడ కుర్చీలో కదలకుండా కూర్చుంది. వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. వంటింట్లో కొళాయి కారుతోంది. ఆవిడ అరుస్తుందని, నన్ను జుట్టు పట్టుకుని బయటికి ఈడుస్తుందని ఎదురుచూశాను. చెయ్యాలని కోరుకున్నాను కూడా.

ఆవిడ లేచి వెళ్లి కొళాయి బిగించి, వచ్చి మళ్లీ కూర్చుంది.

"నొప్పి పుడుతుందా అప్పుడు?"

నాకు అర్థం కాలేదు.

"గుండె అలా ఆగిపోయేటప్పుడు. నేను పక్కగదిలోనే పడుకున్నాను. పిలిచిందేమో, నాకు వినపడలేదేమో అని..." ఆవిడ ఆగిపోయింది.

డాక్టరమ్మని ఈ ప్రశ్న అడగాలని నాకు తట్టనే లేదు. అప్పుడు నా పక్కనుంచి మామయ్య గొంతు వినిపించింది. నెమ్మదిగా, తొణక్కుండా.

"నొప్పేమీ ఉండదమ్మా. నాకూ ఆగింది. వెళ్లి తిరిగొచ్చినవాణ్ని చెబుతున్నాను, నమ్ము. భోజనం చేశాక నిద్ర ముంచుకొస్తుందే, అలా ఉంటుంది. ఒంట్లో బరువంతా ఎవరో దించేసినట్టు. పిలవాలని కూడా అనిపించదు. మీ అమ్మ నిన్ను పిలవలేదు."

ఆవిడ ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. మెల్లగా తల ఊపింది. రెండు చేతులతో మొహం రుద్దుకుంది.

"సరే" అంది లేస్తూ. నా వైపు చూడలేదు. "ఇంక వెళ్లండి. మళ్లీ రావద్దు."

బయటికొచ్చాం. బస్టాపులో నీడలేదు. బస్సు వచ్చేదాకా ఇద్దరం ఎండలోనే నిలబడ్డాం. ఎక్కాక ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, దిండు సర్దాను. ఊరు దాటింది. పొలాలు మొదలయ్యాయి. గాలి కాస్త చల్లబడింది.

"మామయ్యా."

"ఊఁ."

"నిజంగా అలాగే ఉందా? నిద్ర ముంచుకొచ్చినట్టు?"

ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను.

"నాకేం గుర్తులేదు అమ్మాయ్" అన్నారు.